ముందు వోల్టేజి, ఆ తర్వాతే వేగం

టెక్కలిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు అప్పుడప్పుడు నన్ను పిలిచి పిల్లలతో మాట్లాడమంటారు. రిటైరై పలాసలో ఖాళీగా కూర్చున్న మనిషి దొరికితే ఎవరు మాత్రం వదులుతారు? మొన్న వెళ్లినప్పుడు ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి, "మేడం, ఇన్నేళ్లూ మీరు అసలు ఏం పని చేశారు?" అంది. నేను నోరు తెరిచేలోగా వెనక బెంచీ నుంచి ఒకడు "చిప్పులు" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది.

చిప్పులే, కాదనను. కానీ ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పలేదన్న అసంతృప్తి తిరుగు బస్సులో కాశీబుగ్గ దాకా నాతోనే వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు, రెండింటికీ కారణాలు నాకు తెలీవు. పని గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను.

ఫ్యానుకున్న తెలివి

నా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, చిన్న బ్యాటరీ మీద బతికే చిప్పులకి ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు మెల్లగా నడవాలో నేర్పడం.

మన ఉద్దానం తోటల్లో లో వోల్టేజి గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. సాయంత్రం వోల్టేజి పడిపోతే ఇంట్లో ఫ్యాను ఏం చేస్తుంది? నెమ్మదిగా తిరుగుతుంది. తిండి తగ్గింది కాబట్టి పని తగ్గించుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తెలివి చిప్పుకి లేదు. చిప్పులో లెక్కలు కట్టే చోటు వేరు, పాటకి వేసినట్టు తాళం వేసే చోటు వేరు. ఆ తాళాన్నే క్లాక్ అంటాం. ఒక్కో తాళం పడేలోగా ఒక్కో లెక్క పూర్తవ్వాలి. వోల్టేజి తగ్గితే లెక్క కట్టేవాళ్లు నీరసపడతారు. తాళం వేసేవాడు మాత్రం పాత జోరులోనే వేస్తుంటాడు. సగం లెక్కని పూర్తయిన లెక్క అనుకుని పక్కవాడికి అందించేస్తాడు. పొగ రాదు, కాలిన వాసన రాదు. తప్పు సమాధానం మాత్రం వస్తుంది, అదీ మహా ధీమాగా.

అలాంటప్పుడు వోల్టేజి ఎప్పుడూ పైనే ఉంచొచ్చు కదా అంటారు. ఉంచొచ్చు, బ్యాటరీ మీది కాకపోతే. వోల్టేజి సగానికి తగ్గిస్తే ఒక్కో లెక్కకీ అయ్యే ఖర్చు సగం కాదు, పావుకి పడిపోతుంది. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వేగం తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుందనుకుంటారు. వేగం ఒక్కటే తగ్గిస్తే అదే పని ఎక్కువసేపు చేస్తారు, అంతే. వేగం తగ్గించినందుకు వోల్టేజి తగ్గించుకునే వీలు దొరుకుతుంది. మిగిలేదంతా అక్కడ మిగులుతుంది. ఈ రెంటినీ జంటగా నడపడమే నా ఉద్యోగం. జంట అన్నాక ఎవరు ముందు, ఎవరు వెనక అనే పేచీ తప్పదు కదా.

శేషాద్రి గారి పాఠం

ఆ పేచీ తీర్చింది బెంగళూరులో మా బాసు శేషాద్రి గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తూ నడిచే మనిషి. ఆఫీసులో చేరిన ప్రతివాళ్లనీ మొదటిరోజే క్యాంటీనుకి తీసుకెళ్లి ఒకే మాట చెప్పేవారు. "పెంచేటప్పుడు ముందు తిండి పెట్టు, తర్వాత పరుగెత్తమను. తగ్గించేటప్పుడు ముందు పరుగు ఆపించు, తర్వాత తిండి తగ్గించు." అంటే, వేగం పెంచాలంటే ముందు వోల్టేజి పెంచి, అది కుదురుకున్నాకే క్లాక్ పెంచాలి. తగ్గించేటప్పుడు ముందు క్లాక్, తర్వాత వోల్టేజి. వరస తప్పితే మధ్యలో ఒక్క క్షణం చిప్పు ఆకలితో పరుగెడుతుంది. ఆ క్షణంలోనే కొంప మునుగుతుంది. ఇంత గొప్ప సూత్రం చెప్పిన మనిషి మా విషయంలో మాత్రం ముందు పరుగు పెంచేసేవారు. తిండి సంగతి మేనేజ్‌మెంటుతో మాట్లాడతానని ఇప్పటికీ అంటుంటారు.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మోహన్ అని మా సహోద్యోగి ఒకడుండేవాడు. మంచివాడే కానీ తన చిప్పు మీద మాట పడనిచ్చేవాడు కాదు. చాలా తక్కువ వోల్టేజిలో, ఆ వోల్టేజికి వీలైనంత జోరుగా నడిచే చిప్పొకటి తయారుచేశాడు. బల్ల మీద బ్రహ్మాండంగా నడిచింది. తీరా పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి చూపించే రోజున హాల్లో ఏసీ గడగడా వణికించేస్తోంది, చిప్పు పిచ్చి అంకెలు చూపిస్తోంది. మోహన్ ముందు సాఫ్ట్‌వేర్‌ని తిట్టాడు, తర్వాత వైర్లని, తర్వాత ఆ బిల్డింగు ఎర్తింగుని. శేషాద్రి గారు వెళ్లి, తాగుతున్న వేడి కాఫీ గ్లాసుని చిప్పు మీద ఆనించి పెట్టారు. అంకెలు సర్దుకున్నాయి.

వేడి మనకి శత్రువని పుస్తకాల్లో చదువుతాం. మామూలు వోల్టేజిలో అది నిజమే. బాగా కిందికి దిగాక లోకం తలకిందులవుతుంది. అక్కడ చలికే చిప్పు బద్ధకిస్తుంది. మోహన్ బల్ల కిటికీ పక్కన, ఎండలో ఉండేది. "చిప్పు ఎక్కడ కాపురం చేస్తుందో అక్కడికి వెళ్లి చూడండయ్యా, మీ బల్ల దాని పుట్టిల్లు" అన్నారు శేషాద్రి గారు. ఆ మాట అప్పుడు సరదాగానే అనిపించింది. దాని అర్థం నాకు పూండి దగ్గర తెలిసొచ్చింది.

అందరి మాటా వినే మిషను

ఉద్యోగం చివరి రోజుల్లో మేం చెవి మిషను చిప్పు మీద పని చేశాం. చెవి వెనక పెట్టుకునేది. దానికి తిండి బొట్టుబిళ్లంత బటన్ సెల్లు. మేం చేసిన ఏర్పాటు ఏమిటంటే, చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే చిప్పు అట్టడుగు వోల్టేజికి దిగి కునుకు తీస్తుంది. ఒక చెవి మాత్రం తెరిచి ఉంచుతుంది. చప్పుడు వినగానే లేస్తుంది. లేవాలంటే మళ్లీ అదే వరస. ముందు వోల్టేజి, తర్వాత వేగం. బటన్ సెల్లు ఒక్కసారిగా గుంజితే కూలబడిపోతుంది కాబట్టి వోల్టేజిని మెల్లగా ఎక్కించాలి. అది ఎక్కేదాకా చెవిలో గరగరలు రాకుండా మిషను నోరు మూసుకుంటుంది. ఎంతసేపు? మనిషి ఒక మాట అనేంతసేపు. ఆ తర్వాత అంతా శుభ్రంగా వినిపిస్తుంది.

ల్యాబులో ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు. కనపడదు కూడా. మిషను పెట్టుకున్న మనిషితో మనం ఏమంటాం? "హలో, హలో, వినిపిస్తోందా?" అంటాం. మొదటి హలో పోతే ఏడ్చేవాడెవడు?

ప్రయోగానికి మనుషులు కావాలన్నారు. మా ఊరివైపు నేనే చూసుకుంటానన్నాను. మా అమ్మకి వరసకి చెల్లెలు దమయంతి పిన్ని, ఆమె భర్త కూర్మారావు చిన్నాన్న పూండి దగ్గర కొబ్బరితోటలో ఉంటారు. చిన్నాన్న వయసంతా పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే డ్రమ్ము పక్కన గడిచింది. ఆ మోతకి చెవులు రెండూ పోయాయి. మిషను పెట్టిన రోజున ఆయన తోటవైపు తల తిప్పారు. కొబ్బరాకుల చప్పుడు విని, "ఇయ్యింకా ఇలాగే ఉన్నాయేటమ్మీ!" అన్నారు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పిన్ని లోపలికీ బయటికీ తెగ తిరిగింది. ఎన్నో ఏళ్లుగా సైగలతో నడిచిన సంసారం, ఇక మాటలతో నడుస్తుందని ఆమె ఆశ.

కొన్నాళ్లకి చూసిపోదామని మళ్లీ వెళ్లాను. చిన్నాన్న అరుగు మీద హుషారుగా ఉన్నారు. పక్క తోటాయన సైకిలు మీద వెళ్తూ, "మావా! టెక్కలెల్తన్నాను, ఏటైనా తేవాలేటి?" అని అరిచాడు.

"అగ్గిపెట్టిలు తే, మరేటొద్దు" అన్నారు చిన్నాన్న ఠక్కున.

ఎవరో పిల్ల, "తాతా, మా మేకపిల్ల ఇటొచ్చిందేటి?" అంది. దానికీ జవాబు. నా గుండె మా చిప్పు గర్వంతో పొంగిపోయింది. ఆ పిల్ల వెళ్లిపోయి, అరుగంతా సద్దుమణిగాక గుమ్మంలోకి పిన్ని వచ్చి, మెల్లగా, "టీ తాగుతావేటి?" అంది.

చిన్నాన్న కొబ్బరిచెట్టు మొవ్వలోకి చూస్తూ కూర్చున్నారు. పలకలేదు. పిన్ని ఒక్క క్షణం నిలబడి, రెండోసారి అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. లోపల గిన్నె ఒకటి గట్టిగా మోగింది.

నేను వెనకాలే వెళ్లాను. పొయ్యి పక్కన ఒక సంచీ, అందులో మడతపెట్టిన చీరలు ఉన్నాయి.

"ఎక్కడికి పిన్నీ?"

"టెక్కలి. మా సెల్లెలింటికి. ఎల్లిపోతన్నాను."

"ఎన్నాళ్లకి?"

"ఏమో, వస్తే సూద్దారి." ఆమె అటు తిరిగిపోయింది. "సూసినావు కదా? ఊరందరి మాటా ఇనిపిస్తాది, నా మాటే ఇనపడదు. పలాస సంతలో ఇంటాడు. ఆటోలో ఇంటాడు. బావనపాడు సేపలకెల్తే, అంత సముద్రం ఘోషలోనూ నా మాట ఇంటాడు. పదిమందిలో మాత్తరం మంచోడు. ఇంటికొచ్చేసరికి సెవుడు."

"మిషను సరిగా పనిచెయ్యట్లేదేమో..."

"సైకిలోడి మాటకి పనిసేసిందే? సెవుడప్పుడే బాగుండీదమ్మీ. పాపం, ఇనపడదులే అనుకునీదాన్ని. ఇప్పుడు ఇనిపిస్తంది. అయినా పలకడు." ఆమె సంచీ మూతి ముడి వేసింది. "నాతో మాటాడ్డం ఇట్టం నేదు, అంతే. ఈ మిషను వల్ల అది తెలిసింది నాకు."

మా వాళ్లందరూ ఎన్నో రకాల లోపాలు ఊహించి పరీక్షించారు. మా మిషను వల్ల ఒకావిడ సంచీ సర్దుకోవచ్చని ఎవరూ ఊహించలేదు. నాకు నిజంగా భయం వేసింది.

మోటారు వేసినప్పుడు

అయితే ఆమె ఫిర్యాదులో ఒకటి నన్ను పట్టుకుంది. సంతలో వింటాడు, ఆటోలో వింటాడు, సముద్రం దగ్గర వింటాడు. మామూలుగా చెవి మిషను పెట్టుకున్నవాళ్ల గోల దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇంట్లో బాగానే ఉంది, సంతలోనే ఏమీ వినపడదు అంటారు. ఇక్కడ మోతలో వినపడి, నిశ్శబ్దంలో వినపడకపోవడమేమిటి?

మోత ఉన్నచోట మిషను నిద్రపోదు. అంతే. నెత్తి బాదుకోవాలనిపించింది.

తోట మోటారుకి కరెంటు ఉందో లేదో చూశాను. ఉంది. వేశాను. అరుగు పక్కనే అది ఘర్రుమని మొదలైంది. పిన్నిని చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాక్కొచ్చి, ఇందాకటి లాగే అడగమన్నాను. ఆమె మూతి ముడుచుకుని, ఇందాకటి కన్నా నెమ్మదిగా, "టీ తాగుతావేటి?" అంది.

చిన్నాన్న తల తిప్పకుండానే, "తాగుతాను. పంచదార తక్కువెయ్యి" అన్నారు.

పిన్ని గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను మోటారు ఆపి, ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి, వోల్టేజీ కథంతా చెప్పాను. మిషను కునుకు తీస్తుందనీ, లేవడానికి ఒక మాటంత సేపు పడుతుందనీ చెప్పాను.

"మరి సైకిలోడు?" అంది పిన్ని. అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

"వాడు ముందు 'మావా' అన్నాడు కదా. ఆ పిలుపుకి మిషను లేచింది. తర్వాత మాట వినపడింది. పిల్ల 'తాతా' అంది. మన వైపు ఎవరైనా ముందు పిలిచే కదా మాట్లాడతారు. నువ్వు పిలవవు పిన్నీ. నేరుగా విషయంలోకి దిగిపోతావు. పైగా నీవి రెండు ముక్కలు. మిషను లేచేసరికి నీ మాటే అయిపోతుంది."

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న చిన్నాన్న మెల్లగా నోరు విప్పారు. "నాను వేరేలాగ అనుకున్నాను."

"ఏటనుకున్నావు?" అంది పిన్ని. అది ఆయనకి వినపడింది, మేం మాట్లాడుతూనే ఉన్నాం కాబట్టి.

"మిషను ఎట్టుకున్నాక నువ్వే మాటాడ్డం మానీసినావనుకున్నాను. ముసలోడికి ఇప్పుడీ సోకేటని కోపమొచ్చిందనుకున్నాను."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. బహుశా ఆమెకీ తెలియలేదు.

"ఇంతే పిన్నీ, ముందు ఏదో ఒక పిలుపు పిలు. నేను వెళ్లి మిషను బాగుచేయించి తెస్తాను" అన్నాను.

"ఏటని పిలవాలమ్మీ? పెళ్లయిన కాణ్ణుంచి పిలవనేదు."

"పెళ్లికి ముందు?"

ఆమె సిగ్గుపడింది. ఆ వయసులో అంత సిగ్గుపడిన మనిషిని నేను చూడలేదు. చిన్నాన్న ఆమెకి మేనత్త కొడుకు. చిన్నప్పుడు తోటలన్నీ దద్దరిల్లేలా 'బావా' అని పిలిచేదట. కాపురానికి వచ్చిన రోజునే అత్తగారు, మొగుణ్ణి అలా కేకలేసి పిలుస్తారేటని కసిరిందట. ఆ రోజు నోరు మూసుకున్న పిల్ల మళ్లీ తెరవలేదు. సంచీలో చీరలు మాత్రం ఆ పూటే మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి.

మేడం గారు ఏమని పిలుస్తారు?

బెంగళూరు వెళ్లి చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. శేషాద్రి గారు కూడా, "పిలవకుండా మాట్లాడేవాళ్లు ఎవరుంటారమ్మా? లక్షణంగా పనిచేస్తున్న వరసని కదపడమెందుకు?" అన్నారు.

"సార్, ఇంట్లో మేడం గారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేరు. ఒక్క పిలుపూ గుర్తు రాలేదు కాబోలు. తర్వాత పెద్దగా నవ్వేసి, "మార్చండి" అన్నారు. నేను చూసిన సమీక్షా సమావేశాల్లో ఇంత త్వరగా తేలింది ఇదొక్కటే.

మార్చడం అంటే, మిషను మరీ అట్టడుగుకి దిగకుండా, మాటని ఉన్నపళంగా అందుకోగల మెట్టు మీదే ఆపడం. నిశ్శబ్దంలోనూ కాస్త వోల్టేజి ఉంచుతాం. సెల్లు కొంచెం ముందుగా అయిపోతుంది. మోహన్ గింజుకున్నాడు, అంత కష్టపడి మిగిల్చింది వదులుకోవాలా అని. వదులుకోవాలి. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఎంత మిగిల్చాం అని అందరూ అడుగుతారు. ఎవరి దగ్గర్నుంచి లాక్కుని మిగిల్చాం అని మీరే అడగాలి. మేం మిగిల్చిందంతా దమయంతి పిన్ని రెండు ముక్కల్లోంచి లాక్కున్నది.

కొత్త మిషను

మార్చిన మిషను పట్టుకుని ఉత్సాహంగా పూండిలో రైలు దిగాను. ఈలోపు ఆ ఇంట్లో ఏం జరిగిందో చిన్నాన్న చెప్పారు. పిన్ని మొదట దగ్గి చూసిందట. తర్వాత గ్లాసు మీద గరిటెతో కొట్టింది. చప్పట్లు కొట్టింది. ఎదురింటివాళ్లు తమని పిలుస్తోందనుకుని వచ్చేవారట. ఆ తర్వాత ఏం చేసిందని అడిగితే ఆయన చెప్పకుండా మీసం దువ్వుకున్నారు.

డబ్బా తెరిచి కొత్త మిషను చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. లోపల పిన్ని పొయ్యి దగ్గరుందని గుమ్మంవైపు చూసి ఖాయం చేసుకుని, నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"దీనికి ముందల పిలవక్కర్నేదేటి?"

"అక్కర్లేదు చిన్నాన్నా. ఇది ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. పిన్ని ఎంత మెల్లగా, ఎంత తక్కువ మాట్లాడినా మొదటి అక్షరం నుంచీ వినపడుతుంది."

ఆయన మిషనుని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, మూత నొక్కి, నా ఒళ్లో పెట్టేశారు.

"అయితే ఒద్దమ్మీ. పాతదే ఉండనియ్యి."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎందుకని అడగబోయి ఆగాను. ప్రయోగానికి ఇచ్చిన పాత మిషన్లన్నీ వెనక్కి పట్టుకెళ్లాలి. ఆ ఒక్కటీ ఎందుకు రాలేదని ఆఫీసులో అడిగారు. నేనేం చెప్పానో ఇక్కడ రాయను.

అప్పుడు లోపల్నుంచి వినపడింది. గట్టిగా, తోట చివరిదాకా వెళ్లేలా.

"బావా! టీ తాగుతావేటి?"

ఆయన చెవిలో మిషను లేచింది, మాటంతా శుభ్రంగా వినపడిందని నాకు తెలుసు. అది చేసినవాళ్లలో నేనొకదాన్ని. అయినా చిన్నాన్న పలకలేదు. పలకొద్దని నాకూ సైగ చేసి, కొబ్బరిచెట్టు మొవ్వలోకి చూస్తూ కూర్చున్నారు.

"బావా, నిన్నే!"

"ఆఁ, తాగుతాను" అన్నారు అప్పుడు.